ఆలూ లేదు, చూలూ లేదు: విండోస్ 12పై అఫ్వాలు

‘ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం’ అన్నది తెలుగువారి సామెత. ‘సూత్ న కపాస్, జులాహే సే లఠ్ఠమ్ లఠ్ఠా’ అన్నది ఉర్దూవారి నానుడి. నూలూ లేదు, పత్తీ లేదు, అయినా సాలెవాడితో కర్రలు పట్టుకొని పోట్లాట అని దాని భావం. రెండు భాషలవారూ ఎన్నో తరాలుగా నవ్వుకుంటున్న ఈ మనస్తత్వం ఇప్పుడు కంప్యూటర్ల రంగంలోకి కూడా ప్రవేశించింది. ఇంకా పుట్టని, కనీసం పేరైనా పెట్టని ఒక ఆపరేటింగ్ సిస్టమ్ గురించి మన ఇళ్ళలోనూ, బడులలోనూ, జిరాక్సు దుకాణాల ముందూ జరుగుతున్న చర్చలు వింటే ఆశ్చర్యమూ కలుగుతుంది, విచారమూ కలుగుతుంది.

‘విండోస్ 12 వస్తే నెలనెలా అద్దె కట్టాలట. కట్టకపోతే కంప్యూటర్ తెరుచుకోదట.’ ‘ఇప్పుడున్న మిషన్లన్నీ ఆ రోజుతో డబ్బాలేనట.’ ‘మన ఫోటోలు, కాగితాలు అన్నీ దానంతట అదే అమెరికా పంపిస్తుందట.’ ఇలాంటి మాటలు సెల్‌ఫోన్లలో ఒకరి నుంచి ఒకరికి చేరుతున్నాయి. చదువుకున్నవారు, ఉపాధ్యాయులు, ఉద్యోగస్తులు కూడా వాటిని ముందుకు పంపిస్తున్నారు. వీటి మీద మా అభిప్రాయాన్ని పాఠకుల ముందుంచడం అవసరమని భావిస్తున్నాము.

కంప్యూటర్‌తో పెద్దగా పరిచయం లేని పెద్దల కోసం ఒక మాట. కంప్యూటర్ అనే యంత్రానికీ, అందులో మనం వాడే కార్యక్రమాలకూ మధ్య నిలబడి రెండింటినీ నడిపించే మూల వ్యవస్థనే ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. ఇంటికి మేస్త్రీ వేసిన పునాది వంటిది అది. మన దేశంలో ఇళ్ళలోనూ, కార్యాలయాలలోనూ ఎక్కువగా కనిపించేది మైక్రోసాఫ్ట్ కంపెనీవారి విండోస్. ఆ వరుసలో విండోస్ 10 అనేది 2015 జూలై 29న, విండోస్ 11 అనేది 2021 అక్టోబరు 5న విడుదలయ్యాయి. విండోస్ 10కు ఉచిత రక్షణ సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిశాయి. ఆ రోజు వరకూ విండోస్ 12 అనే పేరుతో ఏ వ్యవస్థనూ ఆ కంపెనీ ప్రకటించలేదు. అంటే ఇన్ని కథలు చెప్పుకుంటున్నది ఒక ఊహ గురించి!

‘అట’కు సనద్ ఏది?

ఉర్దూలో పుకారును ‘అఫ్వా’ అంటారు. తెలుగులో దాని నివాసం ‘అట’ అనే రెండక్షరాలలో ఉంది. వస్తుందట, పోతుందట, కట్టాలట. ఈ ‘అట’ మాట చెప్పినవాడి బాధ్యతను తీసివేస్తుంది. విన్నవాడికి మాత్రం భయాన్ని మిగులుస్తుంది. మదరసాలో చదువుకున్న మాబోటివారికి చిన్ననాటనే నేర్పిన పద్ధతి ఒకటుంది. ఏ మాట విన్నా ‘దీనికి సనద్ ఏది?’ అని అడగాలి. చెప్పినవారెవరు, వారికి చెప్పినవారెవరు, ఆ వరుస ఎక్కడిదాకా వెళ్తుంది, ఆ చివరి మనిషి కళ్ళారా చూశాడా అని విచారించాలి. వరుసలో ఒక్క కొక్కెం తెగినా ఆ మాట విలువ తగ్గిపోతుంది. ఈ పద్ధతిని విండోస్ 12 అద్దె మాటకు వర్తింపజేసి చూద్దాం.

2023 అక్టోబరులో విండోస్ కొత్త ప్రయోగ ప్రతులను పరిశీలిస్తున్న కొందరికి అందులో ‘చందా ప్రతి’ అనే అర్థం వచ్చే కొన్ని పదాలు కనిపించాయి. అంతే, రాబోయే విండోస్‌కు నెలసరి చందా తప్పదని వార్తలు వెలువడ్డాయి. కొద్ది రోజులలోనే అసలు సంగతి బయటపడింది. ఆ పదాలు కర్మాగారాలలో, దుకాణాల బిల్లింగ్ యంత్రాలలో వాడే ప్రత్యేక విండోస్ ప్రతికి సంబంధించినవి. ఇంటి కంప్యూటర్లకూ వాటికీ సంబంధం లేదు. మొదటి వార్త వెయ్యి మైళ్ళు ప్రయాణం చేసింది. సవరణ మాత్రం పుట్టిన చోటనే కూలబడింది. ఈనాటికీ మన వీధులలో తిరుగుతున్నది ఆ మొదటి వార్త తాలూకు దయ్యమే.

ఇది కొత్త జబ్బు కాదు. 2015లో విండోస్ 10ను పాతవారికి ఒక ఏడాదిపాటు ఉచితంగా ఇస్తామని కంపెనీ చెప్పినప్పుడు, ఏడాది గడిచాక నెలసరి అద్దె మొదలుపెడతారని ఎంతోమంది చెప్పారు. 10 సంవత్సరాలు గడిచి ఆ విండోస్ కాలమే ముగిసింది, అద్దె మాత్రం రాలేదు. అయినా అదే పుకారు పేరు మార్చుకొని విండోస్ 12 వేషంలో మళ్ళీ వచ్చింది. జోస్యం తప్పిన జోతిష్యుడిని మళ్ళీ పిలవని మనం, తప్పిన పుకారును మాత్రం ఎన్నిసార్లయినా ఇంట్లోకి రానిస్తున్నాం.

అంకెల గారడీ

ఇంకాస్త వెనక్కు వెళ్దాం. విండోస్ 95 అనేది 1995 ఆగస్టు 24న విడుదలైంది. ఆ రోజులలో పాశ్చాత్య దేశాలలో ఒక వింత లెక్క ప్రచారమైంది. కంప్యూటర్‌లో ప్రతి ఇంగ్లీషు అక్షరానికీ ఒక సంఖ్య ఉంటుంది. ఆ పట్టికను ఆస్కీ అంటారు. బిల్ గేట్స్ పేరును పెద్ద అక్షరాలలో రాసి ఆ సంఖ్యలు కూడితే 663 వస్తుంది. ఆయన పూర్తి పేరు చివర ‘మూడవవాడు’ అని ఉంది కనుక దానికి 3 కలిపితే 666! విండోస్ 95 అనే పేరును కూడితే 665 వస్తుంది, దానికి 1 కలిపితే 666! అంతకు ముందటి ఎమ్మెస్-డాస్ 6.21 అనే వ్యవస్థ పేరును కూడితే సరిగ్గా 666! క్రైస్తవుల గ్రంథంలో దుష్టశక్తికి గుర్తుగా చెప్పబడిన సంఖ్య అది. కాబట్టి ఈ కంప్యూటర్ వ్యవస్థలన్నీ సైతాను పన్నాగమని వాదన.

ఈ కూడికలను మేము కాగితం మీద వేసి చూశాము. లెక్కలు నిజమే. మోసమంతా లెక్క వేసిన తీరులో ఉంది. బిల్ గేట్స్ పేరులో రెండు మాటల మధ్య ఉన్న ఖాళీకి కూడా ఆ పట్టికలో 32 అనే విలువ ఉంది. దానిని కలపలేదు, కలిపితే 666 రాదు గనుక. డాస్ పేరులో మాత్రం ఖాళీని కలిపారు, కలపకపోతే రాదు గనుక! ‘మూడవవాడు’ అన్నదానికి 3 అనే అంకెనే నేరుగా తీసుకున్నారు. విండోస్ 95లోని 9, 5 లకు మాత్రం పట్టికలోని 57, 53 విలువలు తీసుకున్నారు. పైగా దానికి కలిపిన ఆ 1 ఎక్కడిదో ఎవరూ చెప్పరు. ఒక్కొక్క పేరుకు ఒక్కొక్క న్యాయం. అన్నిటికంటే విచిత్రం, గేట్స్ పుట్టి పేరు పెట్టించుకున్నది 1955లో. ఆస్కీ పట్టిక తయారైంది 1963లో.

ఉర్దూ చదువుకున్న పాఠకులకు ఈ విద్య కొత్తది కాదు. అలిఫ్‌కు 1, బేకు 2, జీమ్‌కు 3, దాల్‌కు 4 అని అక్షరాలకు విలువలు కట్టే ‘అబ్జద్’ లెక్క మనకు తరతరాలుగా తెలుసు. లారీల అద్దాలపై కనిపించే 786 ఆ లెక్కలోనిదే. పుట్టినరోజుకో, మసీదు కట్టిన సంవత్సరానికో, మహనీయుల మరణానికో సరిపోయేలా మాటలు పేర్చి కవులు ‘తారీఖ్’ చెప్పేవారు. కూడిక సరిపోకపోతే కొంత కలపడానికీ, కొంత తీసివేయడానికీ ఒక మర్యాద ఉండేది. ఎంత కలుపుతున్నాడో, ఎంత తీసివేస్తున్నాడో కవి ఆ పద్యంలోనే సూచించేవాడు. దాచి కలిపితే అది కవిత్వమే కాదు, దొంగ లెక్క అని ఉస్తాదులు చీవాట్లు పెట్టేవారు. పుకారు పుట్టించేవాడికీ ఆ కవికీ ఉన్న తేడా ఇదే. ఇద్దరూ అంకెను సర్దుతారు. కవి సర్దుబాటును చెబుతాడు, పుకారువాడు దాచిపెడతాడు.

అక్షరాల బొమ్మల మీద కూడా ఇలాంటి కథే నడిచింది. విండోస్ 3.1తో 1992లో వచ్చిన వింగ్‌డింగ్స్ అనే ఫాంటులో అక్షరాలకు బదులు చిన్న చిన్న బొమ్మలు ఉంటాయి. న్యూయార్క్ నగరానికి గుర్తయిన మూడు ఇంగ్లీషు అక్షరాలను అందులో కొడితే పుర్రె, యూదుల నక్షత్రం, పైకెత్తిన బొటనవేలు వచ్చాయి. అది యూదులను చంపమన్న రహస్య సందేశమని పత్రికలలో గగ్గోలు పుట్టింది. కాకతాళీయమని కంపెనీ చెప్పింది. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత అదే ఫాంటు మీద మరో పుకారు లేచింది. క్యూ33 అన్నది భవనాన్ని ఢీకొన్న విమానం నంబరట, దానిని న్యూయార్క్ అక్షరాలతో కలిపి కొడితే విమానం, రెండు భవనాలు, పుర్రె, నక్షత్రం కనిపిస్తాయట. ఆ జంట భవనాలను ఢీకొన్న విమానాల నంబర్లు 11, 175. క్యూ33 అనే విమానం ఆ దాడులలో లేనే లేదు. భవనాలని చెప్పినవి నిజానికి రాత కాగితాల బొమ్మలు. ఒక పుకారు ఒక జాతిని బాధితులుగా చూపింది, మరొకటి అదే జాతి వైపు వేలు చూపింది. పుకార్ల వల్ల ఒక సమాజం మొత్తం అనుమానానికి గురికావడం ఎంత బాధాకరమో అనుభవించి తెలుసుకున్న మనం, అలాంటి దానిని నవ్వులాటకైనా ఇతరులకు పంపించడం తగదు.

గింజంత నిజం

అయితే పుకార్లన్నీ శుద్ధ అబద్ధాలేనా? కావు. అక్కడే చిక్కు ఉంది. పూర్తి అబద్ధం ఎక్కువ దూరం నడవలేదు. గింజంత నిజాన్ని వెంటబెట్టుకున్నదే ఊరు దాటుతుంది.

విండోస్ 95 విడుదలకు ముందు, ఆ వ్యవస్థ మన కంప్యూటర్‌ను రహస్యంగా గాలించి, ఇతర కంపెనీల సాఫ్ట్‌వేర్ జాబితాను మైక్రోసాఫ్ట్‌కు చేరవేస్తుందని వదంతి పుట్టింది. అందులో నిజం ఎంత? నమోదు కోసం పెట్టిన ఒక కార్యక్రమం కంప్యూటర్‌లో ఉన్న కొన్ని సాఫ్ట్‌వేర్లను గుర్తించేది. అయితే ఆ జాబితాను తెరపై చూపించి పంపమంటారా, వద్దా అని అడిగేది. వద్దంటే పంపేది కాదు. ‘గుర్తిస్తుంది’ అన్నది నిజం, ‘రహస్యంగా’ అన్నది కల్పన. తగిన ప్రశ్న ఏమంటే, అసలు నమోదుకు ఆ జాబితా ఎందుకు అన్నది. రహస్యం, రహస్యం అన్న కేకలలో ఆ ప్రశ్న ఎవరికీ వినిపించలేదు.

2002లో ‘పల్లాడియం’ అనే పథకాన్ని అదే కంపెనీ బయటపెట్టింది. కంప్యూటర్‌లోనే ఒక భద్రతా చిప్పు పెట్టి రహస్యాలను అందులో దాచే పద్ధతి అది. రాబోయే విండోస్ మన పాటలను, సినిమాలను తనంతట తానే చెరిపేస్తుందని అప్పుడు భయాలు వ్యాపించాయి. 2007లో విండోస్ విస్టా ఇళ్ళకు వచ్చింది. పల్లాడియం చాలా భాగం అటకెక్కింది. ఎవరి పాటలూ చెరిగిపోలేదు. కానీ ఆ చిప్పు ఆలోచన మాత్రం చావలేదు. 2021లో విండోస్ 11 వచ్చినప్పుడు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు తప్పనిసరి అన్నారు. ఇంటెల్ ప్రాసెసర్లయితే స్థూలంగా 8వ తరం, ఆ తర్వాతివి మాత్రమే పనికివస్తాయన్నారు. నిక్షేపంలా నడుస్తున్న లెక్కలేనన్ని కంప్యూటర్లు ఆ ఒక్క నియమంతో అధికారికంగా విండోస్ 11కు అనర్హమైపోయాయి. 2002లో పాటల కోసం వణికిపోయినవారు, 2021లో తమ యంత్రం పనికిరాదన్నప్పుడు దానిని విధిగా భావించి తలవంచారు. మా బాధ ఇక్కడే ఉంది. పుకారు మనల్ని జరగని దానికి భయపెట్టి, జరుగుతున్న దానికి గుడ్డివాళ్ళను చేస్తుంది.

కంపెనీలో పనిచేసేవారు చెప్పారంటే మాత్రం అది హామీ అవుతుందా? 2015 మే నెలలో ఒక సదస్సులో మైక్రోసాఫ్ట్ ఉద్యోగి ఒకరు విండోస్ 10 చివరి విండోస్ అన్న మాట అన్నారు. ఇక కొత్తది కొనే పని లేదని లోకమంతా నమ్మింది. 2021 జూన్ 24న విండోస్ 11 ప్రకటన వెలువడింది. వేదికపై ఒక ఉద్యోగి అన్న మాట వేరు, కంపెనీ రాసి ఇచ్చిన గడువు వేరు. పెళ్ళి మాటలలో పెద్దమనిషి అన్నదానికీ, నికానామాలో రాసినదానికీ ఉన్న తేడా మనకు తెలియనిదా?

నష్టపోయేది ఎవరు?

‘పుకారే కదా, పోనిద్దురూ, సరదాకు చెప్పుకుంటున్నాం’ అనే పాఠకులకు మా మనవి. ఈ సరదాకు ఖరీదు కట్టేది మన ఇళ్ళే.

మధ్యతరగతి ఇంట్లో కంప్యూటర్ అంటే చీటీ పాడి, ఆమ్మీ దాచుకున్న డబ్బు తీసి, పిల్లల చదువు కోసం కొన్న వస్తువు. ‘కొత్త విండోస్ వస్తే ఇది డబ్బానే భాయ్’ అన్న ఒక్క మాట విని బాగున్న యంత్రాన్ని ఇనుప సామాను ధరకు ఇచ్చేసిన వారున్నారు. మరి కొందరు దీనికి పూర్తిగా వ్యతిరేకం. ‘విండోస్ 12 వచ్చాకే కొందాం’ అని డిగ్రీ చదివే అమ్మాయికి కంప్యూటర్ కొనడం వాయిదా వేస్తారు. రాని వ్యవస్థ కోసం ఎదురుచూస్తూ ఆమె 2 సంవత్సరాలు ఇతరుల యంత్రాల దగ్గర వంతు కోసం నిలబడితే, ఆ 2 సంవత్సరాల చదువును పుకారు పంపినవారు తిరిగి ఇస్తారా? కంప్యూటర్ పెద్ద ఖర్చు అనగానే మొదట వాయిదా పడేది ఆడపిల్ల అవసరమేనన్న సంగతిని కూడా తల్లిదండ్రులు గుర్తుంచుకోవాలి.

మూడో నష్టం ఇంకా పెద్దది. ‘అప్‌డేట్ అంటేనే మోసం, కొత్త విండోస్‌ను దొంగచాటుగా ఎక్కిస్తారు’ అనే భయంతో ఎంతోమంది రక్షణ సవరణలను కూడా ఆపేస్తున్నారు. దాని ఫలితం ఎలా ఉంటుందో 2017లో ప్రపంచం చూసింది. విండోస్‌లోని ఒక లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14న సవరణ విడుదల చేసింది. దాదాపు 2 నెలల తర్వాత, మే 12న, ‘వన్నాక్రై’ అనే దాడి అదే లోపం గుండా ప్రవేశించి సుమారు 150 దేశాలలో లక్షలాది కంప్యూటర్లలోని ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగింది. బ్రిటన్‌లో ఆసుపత్రుల పని స్తంభించింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. సవరణ వేసుకున్న యంత్రాలు ఆ దాడిని తట్టుకున్నాయి, వేసుకోనివి చిక్కుకున్నాయి.

నాలుగో నష్టం మోసగాళ్ళది. జనం దేనికోసం ఆత్రపడుతున్నారో వారికి తెలుసు. 2021లో విండోస్ 11 ఇంకా విడుదల కాకముందే దాని పేరుతో నకిలీ ఫైళ్ళు తయారయ్యాయి. ఆశపడి దించుకున్నవారి యంత్రాలలోకి వైరస్‌లు చేరాయి. ‘మేము మైక్రోసాఫ్ట్ నుంచి మాట్లాడుతున్నాం, మీ విండోస్ ఆగిపోబోతోంది’ అంటూ ఫోన్లు చేసి డబ్బు గుంజే ముఠాలు పోలీసులకు పట్టుబడుతూనే ఉన్నాయి. పుకారు పొలం దున్నితే మోసగాడు విత్తనం వేస్తాడు. విండోస్ 12 ఇస్తామని ఎవరైనా లింకు పంపితే, ఆ వ్యవస్థను కంపెనీ అధికారికంగా విడుదల చేసిందో లేదో ముందు చూసుకోవాలి.

అడిగినవారికి దక్కిన ఫలితం

ఈ మాటలన్నీ విని మేము ఆ కంపెనీని వెనకేసుకొస్తున్నామని ఎవరూ అనుకోవద్దు. మా ఉద్దేశం అందుకు విరుద్ధం. పెద్ద కంపెనీని నిలదీయాలంటే పుకారు పనికిరాదు, సాక్ష్యం కావాలి. దీనికి రెండు ఉదాహరణలు చెబుతాం.

విండోస్ 10ను అందరిచేతా వేయించాలన్న తొందరలో కంపెనీ చేసిన ఒత్తిడి వల్ల కొందరి కంప్యూటర్లు చెడిపోయాయన్నది నిజమైన ఫిర్యాదు. కాలిఫోర్నియాలో చిన్న ప్రయాణ ఏజెన్సీ నడుపుకునే ఒక మహిళ, అనుమతి లేకుండా మొదలైన ఆ మార్పు వల్ల తన పని దెబ్బతిన్నదని చిన్న వ్యాజ్యాల కోర్టుకు వెళ్ళింది. ఆమెకు 10,000 డాలర్లు దక్కాయి. కంపెనీ అప్పీలును వదులుకోగా 2016లో ఆ డబ్బు ఆమెకు చేరింది. ఆమె ‘అట’ అనలేదు. ఏ రోజు ఏం జరిగిందో, ఎంత నష్టమో చెప్పి రుజువు చేసింది.

రెండో ఉదాహరణ ఇంకా ముఖ్యమైనది. 2024 మే 20న మైక్రోసాఫ్ట్ ‘రీకాల్’ అనే కొత్త సదుపాయాన్ని ప్రకటించింది. కొన్ని కొత్త రకం కంప్యూటర్లలో కొద్ది సెకన్లకొకసారి తెర ఫోటో తీసి దాచుకొని, మనం ఎప్పుడేం చూశామో వెతికి పెడుతుంది. ఆ ఫోటోలు ఆ కంప్యూటర్‌లోనే ఉంటాయని కంపెనీ చెప్పింది. అయితే భద్రతా నిపుణులు దానిని పరీక్షించి, దాచిన సమాచారాన్ని ఇతరులు తేలికగా చదవగలరని చూపించారు. ఒకే కంప్యూటర్‌ను ఇంటిల్లిపాదీ వాడుకునే మనవంటి కుటుంబాలలో దీని అర్థం ఏమిటో ఆలోచించండి. బ్యాంకు లెక్కలు, డాక్టరు కాగితాలు, ఆడపిల్లల సొంత ఉత్తరాలు అన్నీ ఫోటోలుగా పోగుపడతాయి. నిపుణుల విమర్శకు కంపెనీ దిగివచ్చింది. జూన్‌లోనే విడుదలను వాయిదా వేసింది. మనంతట మనం ఒప్పుకుంటేనే పనిచేసేలా మార్చింది. ఫోటోలకు తాళం వేసింది. అలా మార్చి 2025 ఏప్రిల్‌లో విడుదల చేసింది.

గమనించండి. ‘కంప్యూటర్ మన ఫోటోలను అమెరికా పంపిస్తుందట’ అని వేలమంది అన్న మాట వల్ల ఒక్క అక్షరం కూడా మారలేదు. కొద్దిమంది పరీక్షించి చూపిన నిజం ఒక మహా కంపెనీని నెల తిరగకుండా వెనక్కు నడిపించింది. తహ్‌ఖీఖ్‌కు, అంటే విచారణకు, ఉన్న బలం అది. పుకారు నిజానికి బలవంతుడికే మేలు చేస్తుంది. వంద అబద్ధపు ఆరోపణల మధ్య ఒక నిజమైన ఆరోపణ వస్తే, ‘ఇదీ పుకారే’ అని తోసిపుచ్చడం అతనికి తేలిక.

శుభవార్తకు రెక్కలుండవు

మరొక విచిత్రం చూడండి. చెడు పుకారు క్షణంలో ఊరంతా తిరుగుతుంది. మేలు చేసే నిజం ఇంటి గుమ్మం కూడా దాటదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతోనే గౌతమి అనే తెలుగు ఫాంటు, యూనికోడ్ తెలుగు వచ్చాయి. 2012లో వచ్చిన విండోస్ 8తో ఉర్దూను నస్తలీఖ్ లిపిలో చూపే ఫాంటు వచ్చింది. ప్రత్యేక సాఫ్ట్‌వేర్ కొనకుండానే తెలుగు, ఉర్దూ రెండూ ఒకే పేజీలో టైపు చేసుకొనే వీలు కలిగింది. రెండు భాషలలో పెరిగే మన పిల్లలకు ఇంతకన్నా కావలసిందేముంది? అయినా ఈ సంగతిని ఒకరికొకరు చెప్పుకున్నవారు ఎంతమంది? ‘అట’లకు చెవి ఒగ్గినంతగా దీనికి ఒగ్గి ఉంటే, ఈపాటికి ఎన్నో ఇళ్ళలో పిల్లలు నానమ్మకు ఉర్దూలో ఉత్తరం టైపు చేసి ఇచ్చేవారు.

ఇక చేయవలసిందేమిటి?

విండోస్ 10 ఉన్న ఇళ్ళవారు కంగారు పడనక్కర లేదు, అలాగని నిర్లక్ష్యమూ పనికిరాదు. 2014 ఏప్రిల్ 8న ఎక్స్‌పీకి గడువు ముగిసింది. 2020 జనవరి 14న విండోస్ 7కు ముగిసింది. ఆ మర్నాడు ఏ కంప్యూటరూ ఆగిపోలేదు. ఆగేది రక్షణ సవరణల రాక. తాళం చెడిన తలుపుతో ఇల్లు కూలదు, కాని దొంగకు దారి దొరుకుతుంది. విండోస్ 10 ఇళ్ళవారికి అదనపు రక్షణ సవరణలను 2026 అక్టోబరు 13 వరకు ఇవ్వాలని కంపెనీ 2025లో నిర్ణయించింది. మైక్రోసాఫ్ట్ ఖాతా ద్వారా సెట్టింగులను భద్రపరచుకొనేవారికి ఉచితంగానూ, కాదంటే 30 డాలర్లకు సమానమైన రుసుముతోనూ ఆ ఏర్పాటు చేసింది. ఈ విషయం తెలియక 2025లో తొందరపడి యంత్రాన్ని అమ్ముకున్నవారిని తలచుకుంటే బాధ కలుగుతుంది.

విండోస్ 11 వేయడానికి వీలులేని యంత్రానికి కూడా రెండో జీవితం ఉంది. లినక్స్ అనే ఉచిత వ్యవస్థ పాత కంప్యూటర్ల మీద హాయిగా నడుస్తుంది. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థవారు తెలుగులో పనిచేసే లినక్స్‌ను కూడా రూపొందించారు. పిల్లల చదువుకు, ఉత్తరాలకు, లెక్కలకు అది చాలు. ఛత్తా బజార్‌లో పెళ్ళి పత్రికలు అచ్చువేసేవారు, డీటీపీ పనిచేసేవారు మాత్రం మరికొంత జాగ్రత్తగా ఉండాలి. పాత ఉర్దూ, తెలుగు అచ్చు సాఫ్ట్‌వేర్లు కొత్త వ్యవస్థలో పనిచేస్తాయా అన్న వారి సందేహం న్యాయమైనది. దానికి జవాబు పుకారులో దొరకదు. ఉన్న ఫైళ్ళన్నిటినీ వేరే డిస్కులో భద్రపరచి, ఒక్క యంత్రం మీద వేసి చూసి, పని నడిచాకే మిగతావాటిని మార్చుకోవాలి.

ఇకముందు ఏ కొత్త వ్యవస్థ గురించి ఏ మాట విన్నా నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఈ మాట కంపెనీ అధికారిక ప్రకటనలో ఉందా? తేదీ ఉందా? ఏ రకం యంత్రానికి సంబంధించినది? ఈ మాట నమ్మితే నా జేబులో డబ్బు ఎవరి జేబులోకి పోతుంది? చివరి ప్రశ్నకు జవాబు దొరికిందంటే చాలా పుకార్ల ముసుగు అక్కడే తొలగిపోతుంది.

ఉపాధ్యాయులకు ఒక ప్రత్యేక విన్నపం. తరగతిలో ఒక పిల్లవాడు లేచి ‘సార్, విండోస్ 12 వస్తే నిజంగానే నెలనెలా డబ్బు కట్టాలా?’ అని అడిగితే గద్దించి కూర్చోబెట్టవద్దు. అలాగని తెలిసినట్లు తల ఊపవద్దు. ‘ఎవరు చెప్పారు బేటా? వారికి ఎవరు చెప్పారు? రేపు కనుక్కొని రా’ అని పంపించండి. మర్నాడు వాడు జవాబుతో వచ్చినా, జవాబు దొరకలేదని వచ్చినా ఒక విద్య నేర్చుకొనే వస్తాడు. విండోస్‌లు వస్తాయి, పోతాయి. 12 రావచ్చు, మరో పేరుతో రావచ్చు. విన్నదానిని విచారించే అలవాటు మాత్రం ఒక్కసారి మన పిల్లలలో పాదుకుంటే, దానికి ఏ కంపెనీ కూడా గడువు పెట్టలేదు.